పిస్టలు వివరణ ఇవ్వలేదు

సింగరాయపురం జిల్లాలో ఎస్పీగారికి భయపడని ప్రాణి ఒకే ఒక్కటి పుట్టింది. అది ఒక కాకి.

దసరా వెళ్ళిన పన్నెండో రోజున, ఏటేటా జరిగే కాల్పుల అభ్యాసంలో, గురిబొమ్మ నెత్తిమీద వచ్చి వాలింది. మొదటి తూటా ఎస్పీ దండపాణిగారు పేల్చాలి. విలేకరులు కెమెరాలు ఎత్తారు. బ్యాండువాళ్ళు బూరాలు నోట్లో పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ఎస్పీగారు ఎడమచెయ్యి వెనక్కి కట్టుకుని, మీసం ఒకసారి తడిమి చూసుకుని, పదిహేడో నంబరు పిస్టలు ట్రిగ్గర్ నొక్కారు.

"టక్."

అంతే. పిస్టలు పైభాగం వెనక్కి లాగి వదిలి మళ్ళీ నొక్కారు. "టక్." ఆరో టక్కుకి కాకి మెడ పక్కకి వాల్చి ఎస్పీగారి వంక చూసింది. పెళ్ళిలో మూడో బంతికి కూర్చున్నవాడు వడ్డించేవాణ్ణి చూసే చూపది. ఏడో టక్కు తర్వాత తోక దులుపుకుని, అక్కడే చెయ్యాల్సిన పని చేసేసి, తాపీగా ఎగిరిపోయింది. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. అందులో కాకే బాగా పడింది.

ఆ ఏడు టక్కులూ పక్కన నిలబడి విన్నవాడు ఆయుధాల గది హెడ్డు కానిస్టేబులు కొప్పిశెట్టి భీమశంకరం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ జిల్లా తుపాకులకు నూనె రాసి, తుడిచి, విప్పి, బిగించి, వాటి దగ్గు తుమ్ము ఎరిగినవాడు. మొదటి టక్కుకే అతనికి జబ్బు తెలిసిపోయింది. రెండో టక్కుకి ఆ జబ్బు ఎవరివల్ల వచ్చిందో గుర్తొచ్చింది. మూడో టక్కుకి నోరు మూసుకోవాలని నిర్ణయించుకున్నాడు.

జబ్బు ఇదీ. పిస్టలు పిడిలోకి దూర్చే ఇనప డబ్బీని మ్యాగజైన్ అంటారు. దాని అడుగున స్ప్రింగు, స్ప్రింగు మీద చిన్న పలక, పలక మీద తూటాలు. స్ప్రింగు నెడితే పలక లేస్తుంది, పలక లేస్తే తూటా పైకొచ్చి పిస్టలు నోట్లో పడుతుంది. పలక ఎక్కడైనా ఇరుక్కుందా, పిస్టలుకు ఆ పూట పస్తే.

మరి పలక ఎందుకు ఇరుక్కుంది? దసరాకు ఆయుధపూజ చేశారు. నలభై రెండు పిస్టళ్ళూ అమ్మవారి ముందు వరసగా పేర్చారు. మ్యాగజైన్లు కూడా పిస్టళ్ళలోనే ఉంటే బావుండేది. ఎస్పీగారికి తామరపువ్వు కావాలనిపించింది. మ్యాగజైన్లన్నీ ఊడదీయించి, నోళ్ళు ఆకాశంకేసి పెట్టించి, రేకులు రేకులుగా తామరపువ్వు పేర్పించారు. పువ్వు నడిబొడ్డున పదిహేడో పిస్టలుది. దానికి స్వయంగా కుంకుమబొట్టు పెట్టి, నేతితో పసుపు కలిపిన అక్షింతలు గుప్పెడు తీసి, గురిచూసి మరీ కురిపించారు. ఆయన జీవితంలో గురి తప్పనిది ఆ ఒక్కసారే.

భీమశంకరం సాయంత్రం నలభై ఒక్క మ్యాగజైన్లు దులిపి, తుడిచి, ఎండబెట్టాడు. నలభై రెండోదాని మీద చెయ్యి వెయ్యబోతుంటే ఎస్పీగారు ఆపారు.

"అమ్మవారి బొట్టు తుడవొద్దు! దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అభ్యాసం రోజున నేనే దీనితో మొదటి తూటా పేలుస్తాను" అని తన చేత్తోనే తూటాలు నింపారు. మిగిలిన అక్షింతలు కాగితంలో పొట్లం కట్టి, శుభం కోసం చొక్కా జేబులో వేసుకున్నారు. ఆ రోజునుంచి ఆ పొట్లం ఆయన గుండెమీదే ఉంది.

*

కాల్పుల మర్నాడు పొద్దున భీమశంకరానికి ఆఫీసుకి పిలుపొచ్చింది. ఎస్పీగారి ఎదుట డీఎస్పీ వైకుంఠరావుగారు ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఫైలు ఎక్కడుంటే వైకుంఠరావుగారు అక్కడుంటారు. దీపం ఉన్నచోట పురుగున్నట్టు.

"చదవండి" అన్నారు ఎస్పీగారు.

వైకుంఠరావుగారు గొంతు సవరించుకున్నారు. "సర్క్యులర్ నంబరు అయిదు. విధి నిర్వహణలో, పై అధికారి సమక్షంలో విఫలమైన, జిల్లా రికార్డులో నంబరు కలిగిన ఏ యూనిట్ అయినను తక్షణమే సస్పెండు చేయబడి, చార్జిమెమోకు లిఖితపూర్వక వివరణ ఇచ్చుకొనవలెను. మినహాయింపులు లేవు."

"కానిస్టేబులుకు నంబరుంది. జీపుకు నంబరుంది. పిస్టలుకు?"

"ఉంది సార్. పదిహేడు."

"మరింకేం!"

భీమశంకరం బుర్ర గోక్కున్నాడు. "అయ్యగారూ, చిన్న మనవండి. ఆ మ్యాగజైన్ ఒకసారి నా చేతికిస్తే..."

"మ్యాగజైనా?" డీఎస్పీగారు రిజిస్టరు తిరగేశారు. "దానికి నంబరు లేదు. అది బూటు తాళ్ళ పద్దులో ఉంది, చిల్లర సామాను కింద. నంబరు లేనిదానికి నేరం చేసే అర్హత లేదు. పైగా అది ఇప్పుడు సాక్ష్యం. లక్క ముద్ర వేసేశాం."

మధ్యాహ్నానికల్లా మెమో టైపయింది. 'ఇందుమూలముగా పిస్టలు నంబరు పదిహేడుకు తెలియజేయునది ఏమనగా, నీవు ఏడు పర్యాయములు ఉద్దేశపూర్వక మౌనము వహించి, ఒక పక్షి ఎదుట శాఖ గౌరవమునకు భంగము కలిగించినావు. ఏడు దినములలో వివరణ ఇవ్వనిచో నీవు చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును. అనుమతి లేనిదే హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్ళరాదు.'

పిస్టలు సంతకం చెయ్యలేదు. 'స్వీకరించుటకు నిరాకరించినది' అని రాసి, మెమోను దాని తోలు ఒరకు జిగురుతో అంటించారు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళకు సగం జీతమే ఇస్తారు కనక, దానికి రాసే నూనె కూడా సగం చేశారు.

ఏడు రోజులూ గడిచాయి. పిస్టలు ఏమీ రాయలేదు.

"మొండిఘటం" అన్నారు డీఎస్పీగారు.

*

విచారణాధికారిగా వైకుంఠరావుగారే నియమితులయ్యారు. నిబంధన ప్రకారం ముద్దాయి తరఫున మాట్లాడడానికి శాఖలోంచే ఒక సహాయకుణ్ణి ఇవ్వాలి. భీమశంకరాన్ని ఇచ్చారు. ఇచ్చేటప్పుడే డీఎస్పీగారు ఒక మాట చెవిలో వేశారు.

"చూడవయ్యా, పిస్టలు దోషి అని తేలితే కరిగించేస్తాం. నిర్దోషి అని తేలిందనుకో, దాన్ని పోషించినవాడిది తప్పవుతుంది. డాగ్ స్క్వాడ్‌లో కుక్కల కొట్టానికి ఇన్‌చార్జి పోస్టు ఖాళీగా ఉంది. గుర్తుపెట్టుకుని వాదించు."

భీమశంకరం చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు.

పేరులో భీముడున్నాడు గానీ, అతనికి కుక్కని చూస్తే భయంతో ప్రాణం పోయేది. ఆరేళ్ళప్పుడు ఒక ఊరకుక్క తరిమితే తాటిచెట్టు ఎక్కేశాడు. ఎలా ఎక్కాడో ఎవరికీ తెలీదు, అతనికీ తెలీదు. కుక్క చెట్టు కింద కూర్చుంది. ఇతను మట్టలో కూర్చున్నాడు. మర్నాడు కల్లు గీయడానికొచ్చిన గంటయ్య చెట్టెక్కి, లొట్టి బదులు పిల్లాణ్ణి దింపాడు. ఆ చెట్టు ఇప్పటికీ కాస్త వంగే ఉంటుందని ఆ ఊళ్ళో చెప్తారు. ఇప్పుడతనికి యాభై ఏడేళ్ళు. దారిలో కుక్క కనబడితే ఇప్పటికీ ముందు తాటిచెట్టు కోసమే వెతుక్కుంటాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తే అన్నం ముద్ద దిగలేదు. భార్య మంగతాయారు పులుసు వడ్డిస్తూ చూసింది.

"ఏంటండీ, ఆ పిస్టల్లాగే మీరూ మింగట్లేదు?"

సంగతంతా చెప్పాడు.

"ఓస్, ఇంతేనా! అక్షింతలు అడ్డం పడ్డాయని చెప్పెయ్యకూడదూ?"

"ఎలా చెప్పనే? ఎస్పీగారి గుప్పెడు అవి. నిజం చెప్తే కుక్కల దగ్గరికి కాదు, కుక్కలు కూడా కాపరముండలేని చోటికి తోలేస్తారు."

"పోనీ అబద్ధం చెప్పండి."

"చెప్తే పదిహేడుని కరిగించేస్తారు. పంతొమ్మిదేళ్ళు చూశాను దాన్ని. ఒక్కరోజు కూడా నన్ను మాట పడనివ్వలేదు. బిడ్డ తినట్లేదని బిడ్డని కొడతారా ఎవరన్నా? ముద్ద పెట్టే చెయ్యి చూడొద్దూ?"

మంగతాయారు పులుసుగిన్నె కిందపెట్టింది. "అయితే మీరు చెప్పకండి. వాళ్ళచేతే చూపించండి. మా నాన్న కుట్టుమిషను ఇలాగే ఆగిపోతే, ఆ బాబిను తీసి పక్కింటివాళ్ళ మిషన్లో పెట్టేవాడు. అక్కడా ఆగిందంటే మిషన్‌ది కాదు తప్పు, బాబిన్‌దే అని తేలిపోయేది."

భీమశంకరానికి పులుసు దిగింది.

*

విచారణ పరేడ్ మైదానంలో షామియానా కింద పెట్టారు. పదిహేడో పిస్టలును ఎర్రగుడ్డ మీద కూర్చోబెట్టారు. దానికో కుర్చీ కూడా వేశారు గానీ జారిపోతోందని బల్లమీదకి మార్చారు.

భీమశంకరం లేచి సెల్యూట్ కొట్టాడు. "ఆయ్, నా ముద్దాయికి వేరే మ్యాగజైన్ పెట్టి చూడనివ్వండి."

పెట్టారు. ఢాం, ఢాం, ఢాం అని ఎనిమిది తూటాలూ పేలాయి. ఒక్కటి తడబడలేదు. భీమశంకరం ఆశగా చూశాడు.

డీఎస్పీగారు రాసుకున్నారు. "సస్పెన్షన్ వలన ముద్దాయి ప్రవర్తనలో మార్పు వచ్చినది. అనగా మునుపటి మౌనము ఉద్దేశపూర్వకమే."

"అయ్యా! ఈసారి ఆ లక్క ముద్ర మ్యాగజైన్‌ని పద్దెనిమిదో పిస్టలుకి పెట్టి చూడండి."

ముద్ర విప్పి పెట్టారు. బొట్టు పెట్టుకున్న మ్యాగజైన్ పద్దెనిమిదిలోకి దూరింది. "టక్."

"చూశారాండీ!" అని చప్పట్లు కొట్టబోయాడు భీమశంకరం.

"చూశాను" అన్నారు డీఎస్పీగారు పెన్ను తెరుస్తూ. "పై అధికారి సమక్షంలో వైఫల్యం. పద్దెనిమిది కూడా సస్పెండ్. పదిహేడు పక్కనే పెట్టారుగా ఇన్నేళ్ళూ? స్నేహదోషం."

"అయ్యో, దానిది కాదండీ తప్పు..."

"అయితే పంతొమ్మిదికి పెట్టు."

టక్. పంతొమ్మిది సస్పెండ్. ఇరవై. టక్. డీఎస్పీగారి మొహంలో కళ వచ్చేసింది. ఆయన ఉద్యోగంలో ఒక్క పూటలో ఇన్ని మెమోలు ఎన్నడూ ఇవ్వలేదు. "ఇది వ్యక్తిగత క్రమశిక్షణారాహిత్యం కాదయ్యా, వ్యవస్థీకృతమైన మూగసమ్మె! దీని వెనక ఒక సంఘం ఉండి ఉంటుంది" అన్నారు. చీకటి పడకముందే నలభై ఒక్క పిస్టళ్ళ ఒరలకు నలభై ఒక్క మెమోలు అంటుకున్నాయి. జిగురు అయిపోతే క్యాంటీన్‌లోంచి గంజి తెప్పించారు.

"ఆ మ్యాగజైన్ ఒక్కటీ మార్చెయ్యండి మహాప్రభో! సరుకుల గదిలో కంపెనీవి ఉన్నాయి" అని భీమశంకరం మొత్తుకున్నాడు.

"మార్చడమంటే ఎంపిక. ఎంపిక అంటే కమిటీ."

కమిటీ కూడా కూర్చుంది. బల్లమీద మూడు రకాలు పెట్టారు. కంపెనీవాళ్ళు పిస్టలుతో పాటు ఇచ్చినవి ఒకటి. ఎవడో తక్కువకి చేసిచ్చినవి రెండోది, వాటి మూతులు ఆవలించినట్టు విచ్చుకుని ఉన్నాయి. మూడోది ఇరవై తూటాలు పట్టే పొడుగుది, పిడి కిందనుంచి జానెడు వేలాడుతుంది.

"కొలత కొలతకి సరిపోయేది కంపెనీదేనండి. మూతి బిగువుంది, స్ప్రింగు సత్తువుంది" అన్నాడు భీమశంకరం.

కమిటీ పొడుగుదాన్ని ఎంపిక చేసింది. కారణాల గడిలో 'పొడవు' అని రాశారు. విచారణ తేలేదాకా ఎవరికీ ఇవ్వకూడదని, నమూనాగా డీఎస్పీగారొక్కరే దాన్ని శిక్షణకు వాడే ఉత్తుత్తి పిస్టలుకు తగిలించి నడుముకు కట్టుకున్నారు. జీపులో కూర్చుంటే డొక్కలో పొడిచింది. అందుకని బందోబస్తుకి పద్నాలుగు మైళ్ళు జీపులో నిలబడే వెళ్ళారు. దారిలో జనం ఎవరో ఎన్నికల అభ్యర్థి అనుకుని మూడు ఊళ్ళలో దండలు వేశారు. ఒకచోట ముసలమ్మ బోరింగు వేయించమని అడిగింది. అలవాటుగా "పరిశీలనలో ఉంది" అన్నారాయన.

పిస్టళ్ళన్నీ సస్పెన్షన్‌లో ఉండేసరికి జిల్లాలో ఎస్సైలంతా ఖాళీ ఒరలతో తిరగడం మొదలుపెట్టారు. ఖాళీగా ఉంటే ఒర ముడుచుకుపోతుందని ఒకాయన అరటిపండు పెట్టుకున్నాడు. ఇంకొకాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. సంతలో ఒక జేబుదొంగను పట్టుకుని "కదిలావంటే..." అంటూ ఒరలోంచి అరటిపండు లాగేసరికి, దొంగ నవ్వాపుకోలేక తనే వచ్చి జీపెక్కాడట.

*

మిగిలింది ఒకే ఒక్క పిస్టలు. నంబరు ఒకటి. ఎస్పీగారి నడుము మీదది.

డీఎస్పీగారు దాన్ని మర్చిపోదామని మనస్ఫూర్తిగా ప్రయత్నించారు. కానీ సర్క్యులర్‌లో మినహాయింపులు లేవు. పైగా రాసింది ఎస్పీగారే.

"నాది పేలుతుంది" అన్నారు దండపాణిగారు షామియానా కిందికి వస్తూ. "నాయకుణ్ణి బట్టి ఆయుధం." బొట్టు మ్యాగజైన్ తీసుకుని, కళ్ళకద్దుకుని, దూర్చి, నొక్కారు.

"టక్."

షామియానా గుంజమీద కాకి ఉంది. అదే కాకి. ఏదో పని ఉండి వచ్చినట్టు వచ్చింది.

డీఎస్పీగారి చేతిలో నలభై రెండో మెమో గాలికి రెపరెపలాడింది. ఎస్పీగారు దానివంకా, పిస్టలువంకా, కాకివంకా చూశారు. తర్వాత ఇరవై రోజుల్లో మొట్టమొదటిసారిగా తెలివైన మాటొకటి అన్నారు.

"ఆ మ్యాగజైన్ విప్పండి."

భీమశంకరం ఈ మాట కోసమే తపస్సు చేస్తున్నాడు. అడుగు మూత జార్చాడు, స్ప్రింగు తీశాడు, ఇరుక్కున్న పలకను పుల్లతో తట్టాడు. తెల్ల రుమాలు మీద తూటాలతో పాటు మూడు పచ్చటి బియ్యపు గింజలు పడ్డాయి. నెయ్యి, పసుపు గట్టిపడి బంకలాగా ఉన్నాయి.

"ఇవి ఎవరు వేశారు?" ఎస్పీగారు ఉరిమారు. ఆయన నిజంగానే మర్చిపోయారు. పెద్దవాళ్ళకు తమ చేతులు చేసిన పని గుర్తుండదు.

షామియానాలో యాభైమంది ఉన్నారు. యాభైమందీ ఆ రోజు పూజలో ఉన్నవాళ్ళే. యాభైమందీ తమ బూట్లకేసి చూసుకున్నారు.

"విద్రోహ చర్య సార్" అన్నారు వైకుంఠరావుగారు. "ఆయుధాల గదిలోకి ప్రవేశం ఒక్కడికే ఉంది." చూపుడువేలు భీమశంకరం మీద ఆగింది. "అయినా శాస్త్రీయంగా పోదాం. డాగ్ స్క్వాడ్‌ని పిలవండి."

భీమశంకరం గుండె గొంతులోకి లేచింది. అక్కడ మాత్రం స్ప్రింగు బ్రహ్మాండంగా పనిచేసింది.

మోహిని వచ్చింది. నల్లటి లాబ్రడారు, డాగ్ స్క్వాడ్ నంబరు ఆరు. దాన్ని నడిపించే కానిస్టేబులు ఇజ్రాయేలు రుమాలు దాని ముక్కుకి పట్టాడు. మోహిని మూడు గింజలూ శ్రద్ధగా వాసన చూసింది. నెయ్యి కదా, ఒకటికి రెండుసార్లు చూసింది. తర్వాత తిన్నగా భీమశంకరం వైపు నడిచింది.

అతను కళ్ళు మూసుకున్నాడు. మైదానంలో ఒక్క తాటిచెట్టు లేదు. మోకాలికి తడిముక్కు తగిలింది. ఒక్కసారి ఫూ అని ఊదింది. తర్వాత ఆ ముక్కు వెళ్ళిపోయింది.

కళ్ళు తెరిచేసరికి మోహిని ఎస్పీగారి ఎదుట ఉంది. వెనకకాళ్ళ మీద లేచి, ముందుకాళ్ళు ఆయన ఛాతీమీద ఆనించి, చొక్కా జేబులోంచి కాగితప్పొట్లం సుతారంగా పళ్ళతో లాగి, కిందపెట్టి, పక్కన కూర్చుని "భౌ" అంది. పొట్లం విడిపోయింది. పచ్చటి అక్షింతలు పచ్చిగడ్డి మీద చెల్లాచెదురయ్యాయి. కాకి దిగొచ్చి తినడం మొదలుపెట్టింది.

బ్యాండువాడొకడు కంగారులో బూర ఊదేశాడు.

ఎస్పీగారి మొహం ఎర్రబడి, తెల్లబడి, చివరికి ఖాకీరంగులో స్థిరపడింది. వైకుంఠరావుగారు అప్పటికే ఫైలు తెరిచారు.

"సార్, ఈ కుక్క ముద్దాయిని గుర్తించమంటే పై అధికారిని గుర్తించింది. అనగా పై అధికారి సమక్షంలో, విధి నిర్వహణలో..."

"విఫలమైంది!" అన్నారు దండపాణిగారు, ఒడ్డు దొరికినవాడిలా. "దానికి నంబరుందా?"

"ఉంది సార్. ఆరు."

"మరింకేం!"

ఆ సాయంత్రమే నలభై రెండు పిస్టళ్ళూ గౌరవప్రదంగా తిరిగి విధుల్లో చేరాయి. సగం ఆపిన నూనె కూడా బకాయితో సహా రాశారు. ధాన్యం ఎలా ప్రవేశించిందో తేలలేదు కనక, ధాన్యానికి సంబంధించిన ఫైలును పౌరసరఫరాల శాఖకు పంపారు. ఇకమీదట ఆయుధపూజలో అక్షింతలు ఎనిమిది అడుగుల దూరంనుంచి, మ్యాగజైన్లు లోపల ఉండగా వేయవలెనని సర్క్యులర్ నంబరు ఆరు వచ్చింది. భీమశంకరం మీద ఏ మచ్చా లేదు. అతను ఇంటికెళ్ళి పులుసన్నం రెండు వాయిలు తిన్నాడు.

మోహిని మాత్రం మెమో స్వీకరించింది. పిస్టలులాగ మొండికెయ్యలేదు. సంతకం గడిలో బుద్ధిగా కాలిముద్ర వేసింది.

*

మర్నాడు పొద్దున్నే ఇజ్రాయేలు ఆయుధాల గది గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"గురువుగారూ, దోషి అని తేలితే మోహినిని పనికిరానిదని తీసేసి ఎవడికో ఇచ్చేస్తారంటండీ. దానికి సహాయకుడు కావాలంట. అందర్నీ అడిగేశాను. ఎస్పీగారి జేబు సంగతి కదా, ఎవరూ రామంటున్నారు. మిమ్మల్ని అడగకూడదనుకోండి. మీకు కుక్కలంటే..."

భీమశంకరం పదిహేడో పిస్టలు తుడుస్తున్నాడు. తుడవడం ఆపలేదు.

"వెళ్ళవయ్యా బాబూ. ముప్పై ఒక్క ఏళ్ళు కుక్క మొహం చూడకుండా నెట్టుకొచ్చాను."

ఇజ్రాయేలు తలొంచుకుని మెట్లు దిగాడు. భీమశంకరం పిస్టలు పైకెత్తి గొట్టంలోంచి వెలుతురు చూశాడు. శుభ్రంగా ఉంది. మోకాలి దగ్గర ప్యాంటు మీద మాత్రం నిన్నటి తడిముక్కు మచ్చ ఇంకా ఉంది. ఆ ముక్కు అక్కడ ఆగి, "వీడు కాదు" అనుకుని ముందుకెళ్ళింది. షామియానాలో ఉన్న యాభైమందికీ తెలిసిన నిజం పైకి చెప్పింది అదొక్కటే.

"ఒరేయ్ ఇజ్రాయేలూ! ఆగు. కాగితాలు పట్టుకొస్తున్నాను."

కుక్కల కొట్టంలో బల్ల లేదు. భీమశంకరం నేలమీదే మఠం వేసుకుని కూర్చుని, మోకాలిమీద అట్ట పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. 'మహారాజశ్రీ విచారణాధికారిగారి సముఖమునకు, మోహిని, డాగ్ స్క్వాడ్ నంబరు ఆరు, సమర్పించుకొను వివరణ. అయ్యా, నాకు చదువు లేదు. హోదాలు తెలియవు. నాకు తెలిసినది వాసన ఒక్కటే...'

తర్వాత ఏం రాయాలో తోచక పెన్ను నోట్లో పెట్టుకున్నాడు. మోహిని లేచి వచ్చి, అతని చుట్టూ ఒకసారి తిరిగి, పెద్దగా నిట్టూర్చి, బరువైన తలకాయ తీసుకొచ్చి అతని పాదం మీద పెట్టి పడుకుంది.

భీమశంకరం కట్టెలా బిగుసుకుపోయాడు. అలవాటుగా నాలుగు వైపులా చూశాడు. ఎక్కడా తాటిచెట్టు లేదు. కాసేపటికి పాదం మాత్రం కాస్త దానివైపు జరిపి, మిగతా వివరణ రాసుకుంటూ పోయాడు.